హ్యాండోవర్ అయ్యాకే క్లాసు

మా వదిన ఆసుపత్రి మారిపోతోందని, పోతూ పోతూ నలుగురు నర్సులను వెంట తీసుకుపోతోందని, తలకు ఇంతని అవతలి ఆసుపత్రితో ముందే మాట్లాడేసుకుందని నేను లిఫ్టులో విన్నాను. చెప్పింది లిఫ్టాయన. విన్నది నేనూ, రక్తపరీక్షకు వెళ్తున్న ఒక పెద్దాయనా. ఆ పెద్దాయనకు మా వదిన ఎవరో కూడా తెలియదు. అయినా అయ్యో అన్నాడు.

మా లిఫ్టాయన నోట్లో నువ్వుగింజ నానదు. కింది అంతస్తులో ఎక్కిన మాట నాలుగో అంతస్తులో దిగేసరికి పెళ్ళాంపిల్లలతో దిగుతుంది. మనిషి చెడ్డవాడు కాదు. పొద్దస్తమానం ఆ ఇనప్పెట్టెలో పైకీ కిందకీ తప్ప ఎటూ కదలలేనివాడు. తన మాటలైనా నాలుగు వైపులా తిరిగి రానీ అనుకుంటాడేమో. నేను మా వదినకు ఆడపడుచునని ఆయనకు తెలుసు. ఆసుపత్రి దుప్పట్లు వార్డులకు చేర్చే పని నాది. ఉతికిన దుప్పట్ల బండి వెనక నేను నిలబడి ఉన్నానని మరిచిపోయాడు, అంతే. నేనున్న సంగతి మనుషులు తరచూ మరిచిపోతుంటారు. అందువల్ల కొన్ని నష్టాలున్నాయి, కొన్ని లాభాలూ ఉన్నాయి.

"నిప్పు లేనిదే పొగ రాదు కదండీ," అన్నాడు ఆయన పెద్దాయనతో.

పొగ వచ్చిన మాట నిజమే. నిప్పు రాజుకున్నది మాత్రం అవతలి ఆసుపత్రిలో కాదు, మా వంటింట్లో.

మా వదిన పిల్లల వార్డు నర్సు. డిప్లొమా చదివింది. మా అన్నయ్యను చేసుకోకముందు నుంచే ఆ వార్డులో ఉంది. అక్కడ గోడ మీద జిరాఫీ బొమ్మ ఉంటుంది. దాని మెడ పొడుగునా పిల్లల ఎత్తు కొలిచే గీతలు. సూది అనగానే గుక్కపట్టే పిల్లవాణ్ని వదిన ముందు ఆ జిరాఫీ పక్కన నిలబెట్టి, నిన్నటికంటే పెరిగావే అంటుంది. ఎంత పెరిగాడో వాడు మెడ తిప్పి చూసుకునేలోగా సూది పని అయిపోతుంది. ఇన్‌చార్జిగా ఉన్నావిడ రిటైరయ్యాక వార్డును వదినే చూస్తోంది. కాగితాల మీద మాత్రం తాత్కాలికం. ఆ తాత్కాలికం మొదలైనప్పుడు ఆసుపత్రిలో పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు.

అంతలో కొత్త నిబంధన వచ్చింది. వచ్చే ఏడాది నుంచి వార్డు ఇన్‌చార్జికి డిగ్రీ ఉండాలి, లేదా కనీసం డిగ్రీలో చేరి చదువుతూ ఉండాలి. రెండూ లేకపోతే బయటినుంచి డిగ్రీ ఉన్నవాళ్ళను తెచ్చి కూర్చోబెడతారు. ఆ రోజు వదిన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. కళ్ళు చూస్తే పండక్కి కొత్తబట్టలు వస్తాయని తెలిసిన పిల్లలా ఉన్నాయి.

"నేను చదువుకుంటాను," అంది.

మా అన్నయ్య కరెంటు పనులు చేస్తాడు. చేతిలో టెస్టరు ఇంకా అలాగే ఉంది. "నువ్వు చదువుకుంటే నాకు వంటొచ్చా?" అన్నాడు.

"మీకు రాకపోతే మీ చెల్లెలికి వచ్చు. ఇద్దరూ కలిసి నన్ను చంపకుండా పెడితే చాలు."

ఉద్యోగం మానేసి కాలేజీకి వెళ్ళే ఇల్లు కాదు మాది. అందుకని ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదివే డిగ్రీ వెతకాలి. అదీ మా తాహతుకు తగ్గది, నిజమైనది. ఒక్కసారి తప్పు చోట కడితే రెండోసారి కట్టే ఓపిక మాకు లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు కనుక ఎవరమూ పైకి అనలేదు.

చక్కెర డబ్బాకు ఫోన్ ఆనించి వెతకడం మొదలుపెట్టాం. నేను పదో తరగతి దాటి ఒక ఏడాది చదివి, అమ్మకు బాగోలేక ఆపేసినదాన్ని. కాలేజీల పేజీల్లో ఉన్న బొమ్మలు చూస్తే నాకే ఉత్సాహం వచ్చేసింది. ప్రతి బొమ్మలోనూ ఇస్త్రీ నలగని నర్సొకతె కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతోంది. వదిన ఆ బొమ్మ చూసి, ఈవిడ డ్యూటీ ఎప్పుడూ చేసినట్టు లేదు, కాఫీ ఇంకా వేడిగా ఉంది అంది.

ఒక్కచోట నంబరు ఇచ్చిన పాపానికి మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. అందరూ అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళే. వదినకు మాత్రం ఒక అలవాటుంది. వార్డులో డాక్టరు ఫోన్‌లో మందు చెబితే, నర్సు విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. ఆయన అవునన్నాకే రాయాలి, రాశాకే ఇవ్వాలి. ఇన్నేళ్ళలో అది ఆమె ఒంట్లో ఇంకిపోయింది. కూరగాయల బండివాడికి కూడా వాడు చెప్పింది తిరిగి చెబుతుంది. ఇక కాలేజీ కుర్రాళ్ళను వదులుతుందా?

"నేను విన్నది మళ్ళీ చెప్తాను బాబూ, తప్పుంటే ఆపండి. మీరు చెప్పిన ఫీజులో పరీక్ష ఫీజు లేదు, ప్రాక్టికల్స్ ఫీజు లేదు, సర్టిఫికెట్టు ఇచ్చేటప్పుడు మళ్ళీ కట్టాలి. అవునా?"

"అలా కాదు మేడమ్, మీరు ముందు సీటు బ్లాక్ చేసుకుంటే..."

"అవునా కాదా చెప్పండి. అవునంటేనే రాసుకుంటాను."

అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. "అదృష్టవంతుడు," అన్నాడు అన్నయ్య. "పెళ్ళికి ముందు నన్నూ ఇలాగే అడిగింది. ఎదురుగా కూర్చున్నాను, పెట్టేయడానికి నా చేతిలో ఫోను కూడా లేదు."

డిగ్రీకి గుర్తింపు ఉందో లేదో కాలేజీని అడిగితే లాభం లేదని వదిన నేరుగా నర్సింగ్ కౌన్సిల్‌కే ఫోన్ చేసింది. పిల్లాడి గుణం పిల్లాడినే అడిగితే ఏం చెబుతాడు అంది. ఆ ఒక్క ఫోనుతో కాఫీ కప్పుల నవ్వులు చాలా రాలిపోయాయి. మిగిలినవాటిలో ఒకటి మా ముగ్గురికీ నచ్చింది. గుర్తింపు ఉంది, ఫీజు వాయిదాల్లో కట్టుకోవచ్చు. అన్నిటికంటే, పనిచేసే నర్సుల కోసమే సాయంత్రం ఏడింటికి క్లాసు పెట్టామన్నారు. వదిన మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. మొదటి వాయిదా మర్నాడు కట్టేద్దాం అనుకున్నాం.

మర్నాడు సాయంత్రం, వాయిదా ఇంకా కట్టకముందే, దుప్పట్ల బండి తోసుకుంటూ పిల్లల వార్డుకు వెళ్ళాను. షిఫ్టు మారే వేళ. వెళ్ళే నర్సు వచ్చే నర్సుకు పిల్లల్ని ఒక్కొక్కరినీ అప్పగించే వేళ, వాళ్ళు హ్యాండోవర్ అనేది. వదిన మంచం మంచం దగ్గరా ఆగుతోంది. ఈ బాబుకు జ్వరం దిగింది, పాలు తాగడం లేదు. ఈ పాపకు సెలైన్ ఎడమచేతికి మార్చాను, చూడు, వాపు లేదు. నోటితో చెప్పి ఊరుకోదు. రాత్రి నర్సు చెయ్యి పట్టుకుని ఆ పాప చేతి మీద పెట్టిస్తుంది. చూసి చూసి నా చూపు గోడ గడియారం మీదకు పోయింది.

దగ్గరకు వెళ్ళి, "వదినా, ఏడు," అన్నాను.

ఆమె గడియారం చూసింది. తర్వాత మంచాల వరస చూసింది. ఇంకా సగం కూడా కాలేదు. నర్సుల బతుకులో ఏడు గంటలంటే గడియారంలో అంకె కాదు, పని. ఎప్పుడూ ఆ పనిలో మునిగి ఉండే మనిషి కనుక, ఏడింటికి తను ఖాళీగా ఉండదన్న సంగతే వదినకు తట్టలేదు. చెరువులో చేపకు తడి తెలియనట్టు.

ఇంటికొచ్చి ఆ కాలేజీకి ఫోన్ చేసింది. "ఏడింటికి క్లాసయితే నా పిల్లల్ని ఎవరికి అప్పజెప్పి రాను బాబూ?"

"అత్తగారికి అప్పజెప్పండి మేడమ్," అన్నాడు అతను ఎంతో ఆదరంగా.

"వార్డు నిండా ఉన్నారు. ఏ అత్తగారూ అంతమందిని మోయలేదు."

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాక, క్లాసు వేళ మారదన్నాడు. తర్వాత అడిగిన రెండు కాలేజీలూ ఏడింటికే. ఈ వేళలు పెట్టినవాళ్ళ ఆఫీసులు అయిదింటికి మూసేస్తారులా ఉంది అంది వదిన. నవ్వింది గానీ, ఆ రోజు గిన్నెలు సర్దుతుంటే చప్పుడు ఎక్కువైంది. చేరడానికి గడువు నెలాఖరు. కౌన్సిల్ ఒప్పుకున్నవాటిలో ఇంకొక్కటే మిగిలింది. దాని పేజీలో బొమ్మే లేదు, ఒక ఫోన్ నంబరు ఉందంతే. అన్నయ్య చూసి, ఇది కాలేజీయా, ప్లంబరా అన్నాడు.

ఆ నంబరు చాలాసేపు మోగింది. చివరికి ఒకావిడ ఆయాసపడుతూ ఎత్తింది. వదిన ఉపోద్ఘాతం ఏమీ లేకుండా ఆ ప్రశ్నే అడిగింది. ఈవిడా ఫోన్ పెట్టేస్తుందనుకున్నాం.

"మీది మంచం దగ్గర హ్యాండోవరా, టేబుల్ దగ్గరా?" అందావిడ.

వదిన కూర్చున్న స్టూలు మీదనుంచి లేచి నిలబడింది. "మంచం దగ్గరే."

"అయితే గంట పడుతుంది. మా క్లాసు ఎనిమిదిన్నరకమ్మా. నేనూ వార్డులో చేసినదాన్నే. హ్యాండోవర్ మధ్యలో వదిలేసి వచ్చే నర్సు నాకు క్లాసులో అక్కర్లేదు."

అన్నయ్య ఫ్యాన్ ఆపేశాడు, ఇంకా బాగా వినిపించాలని. ఆవిడ ఒక్కొక్కటీ చెప్పింది. రాత్రి డ్యూటీ పడిన వారం రికార్డు చేసిన పాఠం చూసుకోవచ్చు. అన్నీ కలిపి ఒకటే ఫీజు, వేరే ఏమీ ఉండదు. అది మేము విన్నవాటన్నిటికంటే తక్కువ. ఒక చిక్కు మాత్రం ఉంది. ప్రాక్టికల్స్ మన ఆసుపత్రిలోనే చెయ్యాలంటే ఒకే ఆసుపత్రి నుంచి అయిదుగురు చేరాలి, నర్సులందరికీ పైన ఉండే మేట్రన్ సంతకం పెట్టాలి. లేకపోతే నెలల తరబడి సెలవు పెట్టి వాళ్ళ ఊరు వెళ్ళాలి. అది మాకు కుదరని పని.

వదిన అదంతా తిరిగి చెప్పింది. ఆవిడ అవునంది. ఆ తర్వాత ఆవిడ, వదిన చెప్పినవన్నీ తిరిగి చెప్పింది. వదిన అవునంది. అన్నయ్య నా చెవిలో, ఇలాగే సాగితే డిగ్రీ ఈ ఫోనులోనే పూర్తయ్యేలా ఉంది అన్నాడు.

ఇక వదిన కాలికి బలపం కట్టుకుంది. ఆపరేషన్ థియేటర్ అక్కను అడిగింది, ప్రసూతి వార్డులో ఇద్దరిని అడిగింది, ఎమర్జెన్సీలో పొడుగావిడను అడిగింది. అందరూ మా లినెన్ రూములో కలిసేవాళ్ళు, దుప్పట్ల దొంతరల మధ్య మాట బయటకు పోదు కనుక. ఎవరికి ఏ సబ్జెక్టు భయమో చెప్పుకునేవాళ్ళు. ప్రసూతి వార్డు ఇద్దరూ బళ్ళో పిల్లల్లా ఒకరినొకరు గిల్లుకునేవాళ్ళు. నేను మడతలు వేస్తూ వినేదాన్ని. అయిదుగురు కుదిరారు. సీటు ఖాయమయ్యేదాకా పైకి పొక్కకూడదనుకున్నారు. గుసగుసలాడుకునే నర్సులను చూసి లిఫ్టాయన ఊరుకుంటాడా? గోరంతను కొండంత చేసి అంతస్తు అంతస్తుకూ పంచాడు.

ఆ పుకారు మొదట పొడుగావిడ ఇంటికి వెళ్ళింది. ఉద్యోగం మారుతూ నాకు చెప్పలేదేమని ఆవిడ భర్త గొడవపడ్డాడు. చదువని చెప్పినా, ముందు దాచినదాన్ని ఇప్పుడెలా నమ్మాలన్నాడట. నాకెందుకొచ్చిన తంటా అని ఆవిడ తప్పుకుంది. తర్వాత ఆ పుకారు మేట్రన్ గదికి వెళ్ళింది.

మేట్రన్ అంటే డాక్టర్లే పక్కకు తప్పుకునే మనిషి. వదినకు పిలుపొచ్చినప్పుడు నేను ఆ గది కిటికీకి ఉతికిన తెరలు తగిలిస్తున్నాను. బయటకు పొమ్మని ఎవరూ అనలేదు.

"నీతోపాటు ఎవరెవరు పోతున్నారు?" అంది మేట్రన్.

"ఎవరమూ పోవడం లేదు మేడమ్. ఉండిపోవడానికే చదువుకుంటున్నాం."

మేట్రన్ కళ్ళజోడు తీసింది. వదిన నిబంధన దగ్గర మొదలుపెట్టి, ఏడింటి క్లాసులు, ఎనిమిదిన్నర క్లాసు, అయిదుగురి షరతు అన్నీ చెప్పింది. అత్తగారికి అప్పజెప్పమన్న కుర్రాడి సంగతి కూడా చెప్పింది. నేను తెర వెనకనుంచి చూశాను, మేట్రన్ పెదవి ఒకవైపు కదిలింది.

"నేను విన్నది మళ్ళీ చెప్తాను," అంది మేట్రన్. "అయిదుగురు కావాలి. నలుగురున్నారు. గడువు రేపు. అవునా?"

"అవును మేడమ్."

"అయిదో మనిషిని తీసుకురా, సంతకం పెడతాను. వీలైనంతవరకు క్లాసుండే రోజుల్లో మీకు పగటి డ్యూటీ పడేలా చూస్తాను. ఇంకో మాట. ఇలాంటివి ముందు నా దగ్గరకు వచ్చి చెప్పాలి. లిఫ్టులో తెలుసుకోవాల్సిన ఖర్మ నాకేంటి?"

వరండాలోకి వచ్చాక వదిన నా భుజం పట్టుకుని గట్టిగా కుదిపింది. సంతోషమూ భయమూ రెండూ ఆ చేతిలోనే ఉన్నాయి. అయిదో మనిషి ఎవరు? అప్పటికే అందరినీ అడిగేసింది. కొందరికి పసిపిల్లలు, కొందరికి చదువంటే చేదు, మిగిలినవాళ్ళకు ఈ పుకారు భయం.

నాకు ఒకరు తెలుసు. అయిదో అంతస్తులో, అంటువ్యాధుల వార్డులో ఒక నర్సు ఉంది. చేరి ఆరు నెలలవుతుందేమో. అడుగు చప్పుడు వినపడదని అందరూ ఆమెను పిల్లి అంటారు. మా లిఫ్టు అక్కడిదాకా వెళ్తుంది. ఆమె మాత్రం ఎప్పుడూ మెట్లే ఎక్కుతుంది. దుప్పట్లు ఆరేదాకా ఆగాల్సొస్తే లినెన్ రూములో మూల స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో పాఠ్యపుస్తకం చదువుకుంటుంది. కథల పుస్తకం కాదు. నేను వెనకనుంచి చూశాను, గుండె బొమ్మ ఉంది. ఇన్నాళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్న మాటలన్నీ కలిపితే ఒక టీ గ్లాసు నిండదు.

వదినకు చెప్పాను. తను డ్యూటీలో ఉంది, వార్డు వదిలి కదలడానికి లేదు. "పిల్లి మెడలో గంట నువ్వే కట్టాలమ్మాయ్," అంది.

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నా నాలుక అంగిట్లో అంటుకుపోతుంది. మెట్లెక్కుతూ ఒకటికి నాలుగుసార్లు వాక్యం తయారుచేసుకున్నాను. పైకి వెళ్ళేసరికి ఆయాసంతో అదంతా మరిచిపోయాను. ఆమె గుమ్మంలో చేతులు కడుక్కుంటోంది.

"డిగ్రీ చదువుతారా?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

"ఎవరు?"

"మీరు. రేపే ఆఖరు. ఒకరు తక్కువయ్యారు. క్లాసు హ్యాండోవర్ అయ్యాకే."

ఆమె కుళాయి కట్టడం మరిచిపోయింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. నేనే చెయ్యి చాచి కట్టాను. ఫీజు ఎంతో, సంతకం ఎవరిదో, పాఠాలు ఎలాగో అన్నీ చెప్పేశాను. ఒక్కసారి నోరు తెరుచుకున్నాక మూతపడలేదు. వదినలా నేనూ ఆఖరున, మీరేం విన్నారో చెప్పండి అన్నాను. ఆమె తప్పు లేకుండా చెప్పింది. చెబుతూ చెబుతూ ముఖం విప్పారింది.

"నాన్నకు చెప్పి..." అంది, మళ్ళీ తల అడ్డంగా ఊపింది. "వద్దు. ముందు చేరిపోతాను, ఆయనకు తర్వాత చెప్తాను. ముందే చెబితే నేను మెట్లు దిగేలోపు ఊరంతా తెలిసిపోతుంది."

అదేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. మెట్లు రెండేసి దిగాను.

మర్నాడు మేట్రన్ సంతకం పెట్టింది. అయిదుగురికీ సీట్లు వచ్చాయని మెసేజి వచ్చినప్పుడు వదిన వార్డులో ఉంది. అరవకూడదు కదా, పిల్లలు పడుకున్నారు. వెళ్ళి జిరాఫీ పక్కన నిటారుగా నిలబడి, నేను పెరిగానా చూడు అంది నాతో.

మొదటి క్లాసు మా లినెన్ రూములోనే జరిగింది. హ్యాండోవర్ ముగించుకుని ఒక్కొక్కరే వచ్చారు. దిండ్ల మూటలు వాళ్ళ కుర్చీలు, ఇస్త్రీ బల్ల వాళ్ళ బల్ల. ఫోన్ తెరమీద ఆ ఆయాసం మేడమ్ కనిపించింది. తెల్లజుట్టు, బొద్దుగా, నవ్వుముఖం. పాఠం మొదలుపెట్టకముందు అందరి పిల్లలూ, రోగులూ క్షేమంగా చేతులు మారారా అని అడిగింది. మారారు మేడమ్ అన్నారు అయిదుగురూ ఒకే గొంతుతో. నేను మూలన దిండు గలీబులు మడుస్తూ కూర్చున్నాను. రెండు గలీబులు తిరగేసి మడిచాను, మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

క్లాసయ్యాక వదిన తలుపు తాళం వేస్తుంటే, నేను గేటు దాకా ముందు నడిచాను. మూల మలుపులో, దీపస్తంభం దాటాక, లిఫ్టాయన స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. పిల్లి చప్పుడు చేయకుండా వెళ్ళి వెనక ఎక్కింది. ఆయన తన మఫ్లర్ తీసి ఆమె మెడకు చుట్టాడు.

మర్నాడు పొద్దున్న లిఫ్టులో పుకారు మారింది. నర్సులు ఎక్కడికీ పోవడం లేదట, అయిదుగురూ కలిసి డిగ్రీ చదువుతున్నారట, మేట్రనే దగ్గరుండి చేర్పించిందట. ఆయన అది ఛాతీ విరుచుకుని చెప్పాడు. పేర్లు కూడా చెప్పాడు, నాలుగు.

అయిదో ఆవిడ ఆయన కూతురు.